దొంగ కొలత

ఆయన పోయాక బల్ల సొరుగు ఖాళీ చేస్తే మూడు గుప్పెళ్ల ఎర్రపెన్సిలు ముక్కలు దొరికాయి. ఒక్కోటీ బొటనవేలి గోరంత. ఇక వేళ్లకి చిక్కదు అనుకునేదాకా అరగదీసేవాడు. ముప్పై రెండేళ్లు ఒకే కంపెనీలో, ఒకే బల్ల దగ్గర కూర్చుని బిల్డింగుల నక్షాలు గీశాడు. ఆఫీసులో ఎండీ నుంచి అటెండరు దాకా అందరికీ ఆయన స్కేలు బాబాయే. చొక్కా జేబులో ఆరంగుళాల స్టీలు స్కేలు లేకుండా ఆయన్ని చూసినవాళ్లు లేరు. పెళ్లి ఫోటోలో కూడా అది జేబులోంచి తొంగిచూస్తూ ఉంటుంది. "నాకంటే ముందు దాన్ని కట్టుకున్నాడు" అని ఆయన భార్య వచ్చినవాళ్లందరికీ ఆ ఫోటో చూపించేది.

ఆయన పంపే ప్రతి నక్షాల కట్టలోనూ ఒక కొలత తప్పు ఉండేది. పొరపాటు కాదు, కావాలనే పెట్టేవాడు. దాన్ని దొంగ కొలత అనేవాడు.

స్తంభాల జోలికి, ఇనుము జోలికి ఎప్పుడూ పోలేదు. ఏ గది పొడవో, కిటికీ పక్కన గోడ ముక్కో, మెట్ల ఎత్తో. పక్కనున్న అంకెలు కూడితే మొత్తంతో కలవదు, అంతే. నక్షాని నిజంగా చదివినవాడికి పూట తిరక్కుండా దొరుకుతుంది. మడిచి జేబులో పెట్టుకుని అలవాటు మీద గోడలు లేపేవాడికి ఎప్పటికీ దొరకదు. కాగితం సైటుకి చేరిన మూడు రోజుల్లోపు మేస్త్రి ఫోన్ చేశాడంటే చదివాడన్నమాట. చెయ్యకపోతే నాలుగో రోజు పొద్దున్నే ఈయనే ఫోన్ చేసి వాణ్ణి దులిపేవాడు.

మేస్త్రి గొంతు పెద్దది. పై అంతస్తులో నిలబడి మామూలుగా మాట్లాడితే కింద టీ కొట్టులో గ్లాసులు కదులుతాయని చెప్పుకునేవారు. అందుకే అతను ఫోన్ చేస్తే బాబాయి చెవికి జానెడు దూరంలో పట్టుకునేవాడు.

"బాబాయ్! దొరికింది!"

"ఎక్కడ?"

"వంటగదిలో. గోడలన్నీ కూడితే తొమ్మిదంగుళాలు ఎక్కువొస్తోంది. మన పొయ్యి పక్కింటివాళ్ల గదిలో పెట్టమంటావా ఏంటి?"

"కిందటిసారి గంటలో పట్టావు. ఈసారి రోజంతా పట్టింది. ముసలాడివైపోతున్నావురా."

"నేను ముసలాణ్ణయితే నువ్వేంటి బాబాయ్, తవ్వకాల్లో బయటపడ్డావా?"

ఇద్దరూ నవ్వుకునేవాళ్లు. బాబాయి సరైన అంకెతో కొత్త కాగితం పంపేవాడు. ఈ సంగతి వాళ్లిద్దరికి తప్ప మూడో మనిషికి తెలీదు. పని బాగా జరగడానికి తాను చేసే కాపలా ఇది అని ఆయన నమ్మకం. ఆ కాపలా మీద ఆయనకి కొంచెం గర్వం కూడా.

అలాంటి ఆఫీసులోకి మోడలు వచ్చింది. బిల్డింగుని నేల మీద కట్టడానికి ముందే కంప్యూటర్లో మొత్తం కట్టేయడం. గోడలు, పైపులు, మెట్లు అన్నీ అందులో ఉంటాయి. ఎటు కావాలంటే అటు తిప్పి చూడొచ్చు. ఒకచోట అంకె మారిస్తే నక్షాలన్నిట్లోనూ దానంతటదే మారిపోతుంది. దాన్ని నడపడానికి ఒక అమ్మాయిని ఉద్యోగంలోకి తీసుకున్నారు. ముప్పై ఏళ్లుంటాయి. నెమ్మదిగా మాట్లాడుతుంది. ఆఫీసంతా మోడలమ్మాయి అనేవారు.

మొదట్లో అందరినీ కూర్చోబెట్టి రెండు రోజులు పాఠాలు చెప్పించారు. గోడ మీద పెద్ద తెర. పెద్దవారు కదా అని మౌసు ముందు బాబాయి చేతికే ఇచ్చారు. ఆయన దాన్ని ఇలా కదిపి, దాని మీదున్న చక్రం అలా తిప్పాడో లేదో, ఐదంతస్తుల బిల్డింగు గిర్రున తిరిగి, తలకిందులై, చుక్కంతై, మాయమైపోయింది.

"బాబాయ్, బిల్డింగు ఎక్కడ పెట్టేశారు?" అన్నాడు ఒక ఇంజనీరు.

"జేబులో వెతకండి, స్కేలు పక్కనే ఉంటుంది," అన్నాడు ఇంకొకడు.

అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. చెవులు మాత్రం సాయంత్రం దాకా కాలుతూనే ఉన్నాయి. మళ్లీ ఆ మౌసు ముట్టుకోలేదు.

ముట్టుకోకుండా తప్పించుకోవడం పెద్ద కష్టమేం కాలేదు. ఆ ప్రోగ్రాం ఆఫీసు మొత్తంలో రెండు కంప్యూటర్లలోనే ఉంది. సైటులో ఒక్కటీ లేదు. అనుమతులిచ్చేవాళ్లు ఇప్పటికీ కాగితమే అడుగుతున్నారు. దాంతో ఒక వింత పద్ధతి స్థిరపడింది. ముందు బాబాయి కాగితం మీద గీస్తాడు. అది చూసి ఆ అమ్మాయి మోడల్లో కడుతుంది. అందులోంచి ప్రింటు తీసి మళ్లీ బాబాయి బల్ల మీద పెడుతుంది. ఆయన ఎర్రపెన్సిలుతో దిద్దుతాడు. ఆ దిద్దుబాట్లు ఆమె మళ్లీ ఎక్కిస్తుంది. ఒకే పని రెండుసార్లు. "ఇదేదో పెళ్లయ్యాక సంబంధం చూడ్డంలా ఉందే" అని ఇంజనీర్లు నవ్వుకునేవారు. ప్రింటు మూల 'మోడలు చూశాను' అని ఒక గడి ఉండేది. అందులో బాబాయి సంతకం. ఆయన చూసింది ఎప్పుడూ ప్రింటే.

ఆడపిల్లల హాస్టలు ఒకటి, ఏడంతస్తులది, వచ్చింది. దానికి మెట్లు గీశాడు. అంతస్తుకి అంతస్తుకి మధ్య ఇరవై మెట్లు. పది ఎక్కాక ఒక మలుపు, మళ్లీ పది. మెట్టు ఎత్తు 165 మిల్లీమీటర్లు. పది మెట్లకి 1650 రావాలి. కింది వరుస ఎత్తు దగ్గర ఆయన 1560 అని రాశాడు. మేస్త్రి వేళ్ల మీద లెక్కపెట్టినా దొరికిపోతుంది. ఈసారి మరీ సులువుది పెట్టానేమో అనుకుంటూ పెన్సిలు చెక్కుకున్నాడు.

నాలుగు రోజుల తరవాత మోడలమ్మాయి ల్యాప్‌టాప్ రెండు చేతులతో పట్టుకుని ఆయన బల్ల దగ్గరికి వచ్చింది.

"బాబాయ్ గారూ, ఒక్క నిమిషం. ఈ మెట్లు చూడండి. ఇలా పక్కనుంచి తిప్పుతాను... ఇదిగో, ఈ మలుపు దగ్గర..."

తెర మీద ఏవో బూడిదరంగు పలకలు, వాటిలోంచి పొడుచుకొచ్చిన ఆకుపచ్చ గీతలు. ఏది పైనో ఏది కిందో ఆయనకి పోల్చుకోవడం రాలేదు. ఎదురు బల్లల దగ్గర ఇద్దరు ఇంజనీర్లు తలెత్తి ఇటే చూస్తున్నారు.

"నా కాగితంలో ఏముంది?" అన్నాడు తెర వైపు కాకుండా ఆమె వైపు చూసి.

"కాగితంలో ఉన్న అంకే వేశానండీ. కానీ అలా వేస్తే..."

"ఉన్నదే వేశావు కదా. మరింకేం?"

"ఒక్కసారి ఇటు చూస్తే మీకే..."

"అమ్మాయ్, నువ్వు అడుగులు వెయ్యడం నేర్చుకోకముందు నుంచి నేను మెట్లు గీస్తున్నాను."

ఇంజనీర్లు కిసుక్కుమన్నారు. ఆమె ల్యాప్‌టాప్ మూసింది. "సరేనండీ" అని వెళ్లిపోయింది. వెళ్లేముందు గడిలో సంతకం చేయించుకుంది.

దొంగ కొలత పెట్టింది అక్కడే అని ఆ క్షణంలో గుర్తురాలేదంటే ఎవరూ నమ్మరు. గుర్తురాలేదు. బొమ్మ అర్థం కాలేదన్న సంగతి బయటపడకూడదు, ఆయన బుర్రలో అంతకుమించి ఇంకేదీ లేదు.

మేస్త్రి నుంచి ఫోన్ రాలేదు. అలవాటు ప్రకారం పొద్దున్నే ఈయనే చేశాడు.

"ఏరా, కళ్లజోడు మార్చాలా? హాస్టలు మెట్లు చూశావా అసలు?"

"ఏ మెట్లు బాబాయ్? నాకే కాగితమూ రాలేదే. ఈసారి మెట్లు మనం పోసేవి కావుగా. రేపు యార్డులో పోతపోసి, తరవాత లారీలో తెస్తారంట. కంప్యూటర్లోంచి ఫైలు నేరుగా వాళ్లకే వెళ్లిందంట. క్రేనుతో ఎత్తి పెట్టించడమే నా పని."

బాబాయి ఫోన్ పెట్టేశాడు. మోడలమ్మాయి ల్యాప్‌టాప్ తెచ్చింది కూడా ఈ మెట్ల గురించేనని ఇప్పుడు తట్టింది. ఆ అమ్మాయి చూపించబోయింది ఏమిటో కూడా అర్థమైంది. యార్డులో పోత మర్నాడు. లేచి పదకొండు అడుగులు వేస్తే ఆమె బల్ల. వెళ్లి ఏం చెప్పాలి? అంకె తప్పు అని చెప్పాలి. తప్పెందుకు రాశారంటే? ఇదొక్కటేనా, ఇంకా ఉన్నాయా అంటే?

అంత తెలివైన యంత్రం, ఈ మాత్రం పట్టుకోదా అనుకున్నాడు. దాని అడుగున ఇంకో మాట కూడా ఉంది. పట్టుకోకపోతే మరీ మంచిది, దాని బండారం అందరికీ తెలుస్తుంది. ఆ మాట తన లోపలిదేనని ఒప్పుకోవడానికి ఆయనకి చాలా రోజులు పట్టింది. ఆ రోజు మాత్రం మధ్యాహ్నం భోజనం చేసి, మామూలుగా పెన్సిలు చెక్కుకుని, ఇంకో బిల్డింగుకి తలుపులు గీశాడు.

యంత్రం పట్టుకోలేదు. దాని లెక్కలో అసలు తప్పే లేదు. కింది వరుసకి 1560 ఇస్తే పది మెట్లకీ సమానంగా పంచింది. మిగిలిన ఎత్తంతా పై వరుసకి పంచింది. ఎక్కడ కూడినా మొత్తం కలుస్తుంది. నక్షాలన్నీ ఒకదానితో ఒకటి చక్కగా ఒప్పుకున్నాయి. కింది పది మెట్లు కాస్త పొట్టి, పై పది మెట్లు కాస్త పొడుగు, అంతే తేడా. వేలెడు మందం.

కంటికి కనిపించని ఆ తేడా కాలికి తెలిసింది. మొదటి రెండు ముక్కలు పెట్టించి మేస్త్రి పైకి ఎక్కుతూ మలుపు దాటాడు. పదకొండో మెట్టు అంచు కాలికి తగిలి ముందుకి పడ్డాడు. మోకాలు చీరుకుపోయింది. లేచి, తిట్టుకుంటూ టేపు తీసి కొలిచాడు. కొలిచిన అంకె చూసి నోరు మూసుకున్నాడు. ఆ సైటులో మేస్త్రి గొంతు వినపడని పూట అదొక్కటేనని తరవాత కూలీలు చెప్పుకున్నారు.

పన్నెండు ముక్కలూ పోతపోసి సిద్ధంగా ఉన్నాయి. అన్నీ పగలగొట్టాలి.

శనివారం ఎండీ గదిలో మీటింగు పెట్టారు. ఎండీ చిన్నప్పుడు తండ్రితో ఆఫీసుకొచ్చి బాబాయి బల్ల కింద బొమ్మలు గీసుకున్నవాడే. బాబాయి గీసిన కాగితం అతని ముందు పరిచి ఉంది.

"బాబాయ్ గారూ మనిషే. ఒక్క అంకె అటూ ఇటూ అయింది. ముప్పై రెండేళ్లలో ఒక్కసారి," అన్నాడు. "కానీ అమ్మా, పక్కనే మెట్టు ఎత్తు 165 అని ఉంది. పది మెట్లు అని ఉంది. గుణించుకోవడానికి ఎంతసేపు? అనుమానం వస్తే అడగాలి కదా? అదే మన మేస్త్రి చేతిలో కాగితం పడుంటే ఇట్టే పట్టేసేవాడు. అడిగావా నువ్వు?"

గదిలో ఎనిమిది మంది. బల్ల దగ్గర కిసుక్కుమన్న ఇద్దరు ఇంజనీర్లూ ఉన్నారు. వాళ్లు నేల చూపులు చూస్తున్నారు. మోడలమ్మాయి ఒక్కసారి బాబాయి వైపు చూసింది. ఆయన తన స్కేలు మీది గీతలు లెక్కపెడుతున్నాడు.

"గట్టిగా అడగాల్సింది సార్," అందామె.

"చూశారా? అందుకే నేను మొదటి నుంచీ అనేది, ఇది మనకి అచ్చొచ్చేది కాదని," అన్నాడెవరో. అవునవునన్నారు అందరూ. గదిలో ఎక్కడలేని ఊరట కనబడింది. సోమవారంతో మోడలు ఆపెయ్యాలని, ఆ అమ్మాయిని పంపించెయ్యాలని తేల్చేశారు. బయటికొస్తుంటే ఎండీ బాబాయి భుజం మీద చెయ్యి వేశాడు. "మీరు మనసులో పెట్టుకోకండి."

ఆదివారం పొద్దున ఆయన భార్య కొత్త ఫోన్ ముందేసుకుని చెల్లెలికి వీడియో కాల్ చేస్తోంది. చెల్లెలు ఏది నొక్కమంటే అది నొక్కుతోంది. మధ్యలో రెండుసార్లు ఎవరికో తెలీనివాళ్లకి కాల్ వెళ్లిపోతే "తప్పు నంబరండీ, నేర్చుకుంటున్నాను, ఏమనుకోకండి" అని నవ్వుతూ పెట్టేసింది.

"సిగ్గేం లేదా నీకు?" అన్నాడు ఆయన, కసురుతున్నట్టుగా కాకుండా, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు.

"ఎందుకు సిగ్గు? రాకపోతే అడుగుతాను. అది సరే, ఇవాళ మీ జేబులో స్కేలు ఏది?"

ఆయన చొక్కా తడుముకున్నాడు. నిన్న ఎక్కడ పెట్టాడో గుర్తులేదు. కుర్చీ లాక్కుని ఆమె ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పాడు. దొంగ కొలతల సంగతి ఆమెకీ అప్పుడే తెలిసింది.

"ఆ పిల్ల వచ్చి చూపించిందా?"

"చూపించింది."

"మీరు చూళ్లేదా?"

"చూశాను. నాకు తెలీలేదు."

"తెలీలేదు అనడానికి ఎంతసేపు పడుతుందండీ?" అంది. మళ్లీ ఫోన్ అందుకుంది. ఇంకేదైనా అని ఉంటే బాగుండును అనుకున్నాడు ఆయన.

సోమవారం తలుపు తీయగానే ఎండీ గదికి వెళ్లాడు. నిలబడే చెప్పాడు. అంకె కావాలనే తప్పు రాశాననీ, ప్రతి కట్టలోనూ అలాగే రాస్తాననీ, ఆ అమ్మాయి అడగడానికి వస్తే చూడకుండానే సంతకం పెట్టి పంపేశాననీ, పోతకి ముందురోజే తెలిసి కూడా నోరు మెదపలేదనీ.

ఎండీ కళ్లు చెమర్చాయి. "మీలాంటివాళ్లు ఇప్పుడు లేరు బాబాయ్ గారూ. ఒక ఆడపిల్ల ఉద్యోగం కోసం ఇంత నింద నెత్తిన వేసుకుంటారా?"

"నింద కాదు, నిజం. మేస్త్రిని అడుగు."

ఎండీ ఫోన్ స్పీకర్లో పెట్టి మేస్త్రికి కలిపాడు. "దొంగ కొలతలా?" అన్నాడు మేస్త్రి. వెనక క్రేను నడుస్తున్న చప్పుడు. "అలాంటివేం లేవు సార్. బాబాయి కాగితంలో నేనెప్పుడూ తప్పు చూళ్లేదు." ఆ గొంతు పుట్టినప్పటి నుంచీ అంత చిన్నగా ఎప్పుడూ పలికి ఉండదు.

బాబాయి బయటికొచ్చాడు. ఎవరైనా తిట్టి ఉంటే నిలబడగలిగేవాడు. గౌరవం ఆయన్ని గోడకి అదిమేసింది.

నక్షాలో ఏ మార్పు జరిగినా దానికొక పద్ధతి ఉంది. మార్చిన చోట మబ్బులా గీత చుట్టి, పక్కనున్న పట్టీలో తేదీ, మార్పు, కారణం రాస్తారు. కారణం గడిలో ఎప్పుడూ ఒకటే మాట ఉంటుంది, 'సైటు అవసరం మేరకు' అని. ఆ కాగితం హాస్టలు యజమానికి, యార్డుకి, సైటుకి, ఎండీకి, ఫైలుకి వెళుతుంది. ఒకసారి వెళ్లిందంటే వెనక్కి తీసుకోవడం ఎవరి తరమూ కాదు. మెట్ల నక్షా ఇప్పుడు మోడల్లోంచే రావాలి.

ఆయన పదకొండు అడుగులు వేశాడు. మోడలమ్మాయి సొరుగులోంచి నీళ్లసీసా, దువ్వెన, ఛార్జరు తీసి సంచిలో పెట్టుకుంటోంది.

"అమ్మా, మెట్ల నక్షా మార్చాలి. నాకు దీన్ని తెరవడం కూడా రాదు. నేర్పుతావా?"

గట్టిగానే అన్నాడు. ఎదురు బల్లల దగ్గర ఇద్దరూ తలెత్తారు. ఆమె సంచి కింద పెట్టి కుర్చీ ఆయనకి ఇచ్చింది.

"చక్రాన్ని నొక్కి పట్టుకుని మెల్లగా జరపండి. మెల్లగా బాబాయ్ గారూ. పోతే పోనీండి, మళ్లీ తెచ్చుకుందాం."

బిల్డింగు రెండుసార్లు మాయమైంది. మూడోసారి నిలబడింది. ఆమె చెప్పినట్టు దాన్ని నిలువునా కోసి పక్కకి తిప్పాడు. మెట్లు ఒక పక్క నుంచి కనబడ్డాయి. కింది పది మెట్లూ ఒక తీరుగా వాలి ఉన్నాయి, పై పదీ ఇంకో తీరుగా. మలుపు దగ్గర వాలు విరిగినట్టుంది. స్కేలు అక్కర్లేదు, లెక్క అక్కర్లేదు. అక్షరం రానివాడికి కూడా తెలిసిపోతుంది.

"ఇదేనా నువ్వు చూపించబోయింది?"

"అదే."

"మరి శనివారం ఎందుకు చెప్పలేదమ్మా?"

ఆమె తెర వైపే చూస్తూ, "మీ బల్ల దగ్గరికి తెచ్చిన రోజు మీరు ఇటు చూడలేదు, నా మొహం వైపు చూశారు. మీకు కనబడట్లేదని అప్పుడే తెలిసింది. ఎనిమిది మంది ముందు అది ఎలా చెప్పమంటారు?" అంది.

ఆయనకి అక్కడి నుంచి లేచి ఎటైనా వెళ్లిపోవాలనిపించింది. చేతిలో మౌసు వదల్లేదు.

1560 చెరిపి 1650 కొట్టాడు. పై మెట్లు వాటంతటవే సర్దుకున్నాయి. వాలు తిన్నగా అయింది. కారణం గడి దగ్గర ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు. ఒకటి రెండు చోట్ల ఆమె వేలితో చూపించింది. 'పాత అంకె గీసినవాడు తెలిసి రాసిన తప్పు. మోడలు చేసినావిడ వచ్చి అడిగింది. గీసినవాడు చూడకుండా సరే అన్నాడు. మోడలుది గానీ ఆమెది గానీ తప్పు లేదు.' కింద తన పేరు కొట్టాడు.

"బాబాయ్ గారూ, ఇది అందరికీ వెళ్లిపోతుంది."

"ఏది నొక్కాలో చూపించు."

చూపించింది. నొక్కాడు.

మధ్యాహ్నం ఆయన బల్ల మీది ఫోన్ మోగింది. అలవాటుగా జానెడు దూరంలో పట్టుకున్నాడు. ఏమీ వినపడలేదు. దగ్గరికి తెచ్చుకుని చెవికి ఆనించుకున్నాడు.

"బాబాయ్," అన్నాడు మేస్త్రి. "కొత్త కాగితం వచ్చింది. మూడుసార్లు కూడి చూశాను. అంతా కలుస్తోంది. దొంగ కొలత ఎక్కడ పెట్టావో దొరకట్లేదు."

"కారణం గడి చదివావా?"

అవతల క్రేను ఆగిన చప్పుడైంది.

"చదివాను," అన్నాడు మేస్త్రి.

"ఇందులో పెట్టలేదురా," అన్నాడు బాబాయి.